రెండు ఎడమవి

“ఎక్కడో ఎవరో పెట్టె విప్పేసరికి అందులో రెండూ ఎడమకాలివే ఉంటేనో?”

“ఏ పెట్టె అమ్మా?”

“బూట్ల పెట్టె. ఇంకే పెట్టె ఉంటుంది మన బతుక్కి.”

“అందులో రెండూ ఎడమవి ఎందుకుంటాయి?”

“నేను పెడితే ఉంటాయి.”

తల్లీకూతుళ్ళు ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు. తల్లిది జతల బల్ల దగ్గర పని. ఎడమకాలి బూట్లు ఒక పక్కనుంచి, కుడికాలివి ఇంకో పక్కనుంచి వస్తే సైజు చూసి, తోలు ఛాయ చూసి, దేనికి ఏది తోడో తేల్చి ప్యాకింగ్‌కి పంపుతుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను జతలమ్మ అంటారు. కూతురు ఆ బల్లకు ముందుండే చెకింగ్ టేబుల్ మీద పనిచేస్తుంది. గదిలో మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నది ఆ పిల్ల నాన్నమ్మ.

“నువ్వు పెట్టవమ్మా. నీ చేతిమీద ఎప్పుడైనా అలా జరిగిందా?”

“జరగలేదు కాబట్టే ఇప్పుడు జరిగింది. సాయంత్రం బల్ల తుడుస్తుంటే రెండు మిగిలాయి. రెండూ నల్లవి, రెండూ పెద్ద సైజు, రెండూ కుడివే. మరి వాటి ఎడమవి ఎక్కడికి పోయినట్టు? కాళ్ళొచ్చి నడిచి వెళ్ళాయా?”

“బూట్లకి కాళ్ళు రావమ్మా. కాళ్ళకే బూట్లొస్తాయి.”

“నవ్వు. రేపు నన్ను బల్ల దగ్గర్నుంచి లేపి చేతికి చీపురిచ్చినప్పుడు కూడా ఇలాగే నవ్వు.”

“ఏమే పిల్లా, మీ అమ్మ వచ్చీరాగానే మొదలుపెట్టింది? ఇవాళ ఎవరు పోయారట?”

“ఎవరూ పోలేదు నాన్నమ్మా. రెండు బూట్లు పోయాయి.”

“అంతేనా. నయం, మనుషుల దాకా రాలేదు. మొన్న మా అబ్బాయి బస్సు కాస్త ఆలస్యమైతే లోయలో పడిపోయిందంది. మన ఊళ్ళో లోయ ఎక్కడుందే అమ్మాయ్ అంటే, రోడ్డు తవ్వుతున్నారుగా అత్తయ్యా అంది.”

“తవ్వుతున్నారు అత్తయ్యా. మీరు చూడలేదు. మనిషి లోతు తవ్వారు.”

“బస్సు లోతు తవ్వారా?”

“మీకు నవ్వులాటగా ఉంటుంది.”

“నాకెందుకు నవ్వులాట. తాళం వేశానో లేదో అని సగం దారిలో వెనక్కొచ్చి చూసుకున్నావు చూడు, అప్పుడే మానేశాను నవ్వడం. తాళం వేసే ఉంది. లోపల నేనున్నాను.”

“అదెప్పటి మాటో, ఇంకా వదలరు. ఇది అలాంటిది కాదు అత్తయ్యా. ఇది నిజంగా జరిగింది.”

“నీకు జరగనివి ఎప్పుడున్నాయి గనక. సరే, జరిగింది. ఒక పెట్టెలో రెండు ఎడమవి వెళ్ళాయి. వెళితే ఏమవుతుంది?”

“ఏమవుతుందా? ఎక్కడో ఒక కుర్రాడుంటాడు. కొత్తగా ఉద్యోగం వచ్చి ఉంటుంది. వాళ్ళమ్మ పొద్దున్నే లేపి, స్నానం చేయించి—”

“ఉద్యోగంలో చేరేవాడికి స్నానం చేయిస్తుందా అమ్మా?”

“చేయించకపోతే నీళ్ళు తోడుతుంది. నువ్వు మధ్యలో రాకు. చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుంది. కొత్త బూట్లు రా నాన్నా, వేసుకో అంటుంది. వాడు పెట్టె విప్పుతాడు. ఒక కాలు దూరుతుంది. రెండోది దూరదు. లాగుతాడు, తోస్తాడు, దూరదు. టైమైపోతుంది. పాత చెప్పులేసుకుని పరిగెత్తుతాడు. అక్కడ ఆఫీసరు కిందనుంచి పైకి ఒక చూపు చూస్తాడు. అంతే. వాడు ఇంటికొచ్చి తలుపేసుకుంటాడు. వాళ్ళమ్మ బయటనుంచి కొడుతూనే ఉంటుంది, కొడుతూనే ఉంటుంది—”

“అమ్మా, తలుపు తియ్యనియ్యవే పాపం వాడిని.”

“వాడు తియ్యడు.”

“పోనీ పట్టుదలగా రెండూ వేసుకునే వెళ్ళాడనుకో. రెండూ ఎడమవైతే మనిషి ఎడంపక్కకే తిరుగుతాడు కదా. ఆఫీసు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు. కాపలా మనిషి చూసి, పాపం ఇంత తిరుగుతున్నాడని లోపలికి పిలుస్తాడు. ఉద్యోగం వచ్చేస్తుంది.”

“అమ్మాయ్, నీ కథకన్నా దీని కథ బాగుంది.”

“ఇద్దరూ ఒక్కటే. సరే, ఆ కుర్రాడిని వదిలెయ్యండి. ఆ పెట్టె వెనక్కొస్తుంది. పెట్టెతో పాటు కబురొస్తుంది. ఇక మీ దగ్గర కొనం అంటారు. ఆ పక్క ఫ్యాక్టరీలో సోలు ఊడిందని ఇలాగే ఆపేశారు కదా. మన లైన్ కూడా మూస్తారు. కోసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, బంక పూసేవాళ్ళు, అందరూ రోడ్డున పడతారు. ఎవరి వల్ల? జతలమ్మ వల్ల. కుళాయి దగ్గర వాళ్ళకి ఏ మొహం చూపించను?”

“కుళాయి దగ్గర నీళ్ళు చూపిస్తే చాలు.”

“అత్తయ్యా.”

“సరేనమ్మా, నవ్వను. అవునూ, అదేదో ఎర్రదారం కడతారని చెప్పేదానివి కదా, ఒక కాలిది చెడిపోతే. అది చూడలేదూ?”

“చూడకుండా ఉంటానా. అదే నా బాధ. చెకింగ్‌లో ఒక కాలిది పనికిరాదని పక్కన పడేస్తే, మంచిగా ఉన్న రెండోదానికి లేసు కన్నంలో ఎర్రదారం ముడేసి నా బల్లకి పంపుతారు. దారం కనబడగానే నాకు తెలిసిపోతుంది, దీని తోడు ఇవాళ రాదు, మళ్ళీ కుట్టి వచ్చేదాకా పక్కన పెట్టాలి అని. ఈ రెంటికీ దారం లేదు. అంటే వీటి తోడు రెండూ చక్కగా నా బల్లకి వచ్చాయన్నమాటే. వచ్చినవాటిని నేనే ఒకే పెట్టెకి పంపానన్నమాటే.”

“దారం కట్టడం మరిచిపోయారేమోనమ్మా.”

“ఎవరు మరిచిపోతారు? ఆ టేబుల్ మీద ఉన్నది నువ్వేగా.”

“నేనే.”

“నువ్వు మరిచిపోతావా?”

“మనిషన్నాక ఎప్పుడైనా…”

“నువ్వు మరిచిపోవు. చిన్నప్పుడు బడికెళ్ళేటప్పుడు పలకకి దారం కట్టుకుని మెళ్ళో వేసుకునేదానివి, మరిచిపోతానేమోనని. అలాంటి దానివి. నీ చెయ్యి మరిచిపోదు. నా కళ్ళకే ఈ మధ్య మసకేస్తోంది.”

“మసకా లేదు ఏమీ లేదు. టీ పెట్టనా?”

“వద్దు.”

“నాన్నమ్మా, నీకు?”

“నాకు పెట్టు. ఇంకొక కథ వినేట్టున్నాను.”

స్టవ్ వెలిగింది. తల్లి మాత్రం కూర్చోలేదు, గుమ్మం దాకా వెళ్ళింది, వీధి చివర ఫ్యాక్టరీ రేకుల పైకప్పు మీద ఎండ ఎంత మిగిలిందో చూసింది, వెనక్కి వచ్చింది.

“అక్కడే చెప్పేసి ఉండాల్సింది. సూపర్‌వైజర్ మేడం పక్కనుంచే వెళ్ళింది. బల్ల గుడ్డ కింద ఆ రెండూ దాచి నిలబడ్డాను. ఏం జతలమ్మా, ఇంటికెళ్ళవా అంది. వెళ్తున్నానమ్మా అన్నాను. నోరు రాలేదు.”

“మంచి పని చేశావు. రేపు చూసుకుందాం.”

“రేపేంటి. చీకటి పడగానే లారీ కదులుతుంది. కదిలిందంటే ఆ పెట్టె రేవుకి పోతుంది, ఓడ ఎక్కుతుంది. సముద్రం మీద పోయేదాన్ని నేను వెనక్కి పిలుస్తానా? ఇప్పుడే వెళ్ళాలి. లారీ ఇంకా గేటు లోపలే ఉంటుంది.”

“వెళ్ళి ఏం చెప్తావు?”

“ఉన్నది చెప్తాను. పెట్టెలన్నీ దించించండి, ఒక్కొక్కటీ విప్పించండి, అందులో ఒకదాంట్లో నా తప్పుంది అంటాను.”

“అన్ని పెట్టెలా? అమ్మా, ప్యాకింగ్ వాళ్ళు ఇళ్ళకెళ్ళి పొయ్యి ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళందర్నీ మళ్ళీ పిలిపిస్తారు. నిన్ను నోటికొచ్చినట్టు తిడతారు.”

“తిట్టనీ.”

“కళ్ళు పోయాయంటారు.”

“అననీ.”

“వద్దమ్మా. చీకటి పడుతోంది.”

“నీకెప్పట్నుంచే చీకటి భయం?”

“నిజమే, భయం ఖాతా మీ అమ్మది కదా. నువ్వెందుకు అందులో వేలు పెడతావు?”

“నాన్నమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. అమ్మా, పోనీ నాన్న రానీ. నాన్నతో వెళ్దువుగాని.”

“మీ నాన్న బస్సు దిగేసరికి లారీ ఊరు దాటుతుంది. నువ్వే రా తోడు. దార్లో ఆ దారాల కొట్టు ముందు ఆగకుండా నడిస్తే అందుకుంటాం.”

“దారాల కొట్టు ముందు ఆగకుండా నడవడమా? ఆ పిల్ల కాళ్ళకి అలవాటు లేదే.”

“ఏం నాన్నమ్మా, ఏమంటున్నావు?”

“ఏమీ అనలేదు. మంచం కింద నీ రేకుపెట్టె తుడుస్తుంటే మూత ఊడింది. అన్నీ దారపు ఉండలు. నీలం, పసుపు, ఆకుపచ్చ, వంకాయరంగు. ఇల్లంతా వెతుకుతున్నాను అప్పట్నుంచి.”

“దేనికోసం?”

“కుట్టుమిషన్ కోసం. ఎక్కడ పెట్టావే?”

“గుండీలు ఊడితే కుట్టుకోడానికి తెచ్చాను.”

“ఎన్ని గుండీలే తల్లీ? ఊళ్ళో చొక్కాలన్నీ నువ్వే ఊడదీస్తున్నావా?”

“అత్తయ్యా, ఇప్పుడు దారాల గొడవెందుకండీ. అయినా ఆ కొట్టుకి వెళ్ళొద్దని దీనికి చెప్పాను. ఆ కొట్టబ్బాయికి ఎంత పొగరో మీకు తెలీదు.”

“పొగరా? ఆయనకా?”

“ఆయనా?” అంది నాన్నమ్మ. “మొన్నటిదాకా కొట్టబ్బాయి. ఇవాళ ఆయన.”

“కొట్టు యజమాని కదా నాన్నమ్మా. మర్యాదకి.”

“మర్యాదట. నేను ఒకసారి తెల్లదారానికి వెళ్ళాను అత్తయ్యా. బల్ల వెనక మహారాజులా కూర్చున్నాడు. వయసులో పెద్దదాన్ని, వచ్చి నిలబడితే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. నాకు కావాల్సిన ఉండ పై అరలో ఉంది. లేచి తీయొచ్చుగా. కొక్కెం కర్ర ఒకటి నా చేతికిచ్చి, మీరే లాక్కోండమ్మగారూ అన్నాడు. పైగా నవ్వొకటి.”

“అమ్మగారూ అన్నాడుగా.”

“అని? వాన పడిన రోజు చూశాను. కొట్టు ముందు కట్టిన పరదా గాలికి లేచిపోతోంది, దారాలు తడిసిపోతున్నాయి. అయినా లేస్తేనా? దారిన పోయేవాళ్ళని పిలిచి కట్టించుకున్నాడు. బాబుగారూ ఇటు లాగండి, అన్నగారూ అటు ముడెయ్యండి అంటూ, కూర్చునే.”

“కట్టినవాళ్ళకి టీ తెప్పించాడు అమ్మా. అదీ చూశావా?”

“నీకెలా తెలుసు?”

“చెప్పుకున్నారు.”

“ఎవరు?”

“కట్టినవాళ్ళు.”

“వాళ్ళు నీకెందుకు చెప్పారు?”

“అబ్బా, దారం కొనడానికి వెళ్తే చెప్పారమ్మా. లేచి నిలబడటమొక్కటే మర్యాదా? మన మేనేజరు అందరికీ లేస్తాడు. లేచి మరీ తిడతాడు.”

“ఎంతగా వెనకేసుకొస్తుందో చూడు,” అని నాన్నమ్మ వెల్లుల్లి పొట్టు ఊదుకుంది.

“మీరు ఆజ్యం పొయ్యకండి అత్తయ్యా. ఈ దారాల పిచ్చి నాకు ముందే భయంగా ఉంది. మొన్న దీని సంచిలో ఒక నీలం దారం దొరికింది. రెండు కొసలకీ ముడి. దేన్నో కొలిచి ముడేసినట్టుంది. నడుము కొలుచుకుంటోందేమో, సన్నబడాలని అన్నం మానేస్తుందేమో, కళ్ళు తిరిగి మెట్లమీద పడుతుందేమో అని ఆ రాత్రి నాకు నిద్ర లేదు.”

“ఏదీ, ఎంతుంది ఆ దారం?”

“జానెడు, ఆపైన కాస్త.”

“జానెడు నడుమా? అమ్మాయ్, చీమకి కూడా కాస్త ఎక్కువే ఉంటుంది.”

“భయంలో అది తట్టలేదు అత్తయ్యా. పొద్దున్న తట్టింది. ఇప్పటికీ ఆ దారం ఈ పోపుల డబ్బాలోనే దాచాను, ఎందుకైనా మంచిదని.”

“అమ్మా, అది నువ్వా తీసింది? నేను ఇల్లంతా వెతికాను.”

“ఎందుకు వెతికావు? దేని కొలత అది?”

“టీ పొంగిపోతోంది.”

“స్టవ్ ఆర్పి పావుగంటైందే పిల్లా. ఏది పొంగుతోంది?”

కూతురు గ్లాసులు కడగడానికి పోయింది. అవి కడిగినవే. తల్లికి అదంతా గమనించే తీరిక లేదు. ఆమె చెవి వీధి చివరే ఉంది. గుమ్మం పక్కనున్న చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కొంగు నడుముకి చుట్టుకుంది.

“అమ్మా, ఆగు. కుడిచెప్పు ఎడమకాలికి వేసుకున్నావు.”

“ఏదీ?”

“చూసుకో.”

“చూశారా అత్తయ్యా? చూశావా? ఇంతసేపూ నేను చెప్తున్నదేంటి? లోకంలో ఎవరెవరికో జతలు కట్టి పంపేదాన్ని, నా కాళ్ళకి నేను సరిగ్గా తొడుక్కోలేకపోతున్నాను. ఇంకా బల్ల ఎందుకు నాకు. ఇదే మాట చెప్పేస్తాను మేడానికి. నా కళ్ళు పోయాయమ్మా, నన్ను అక్కడ్నుంచి తీసి ఊడ్చే పనిలో వెయ్యండి అని చెప్పేస్తాను.”

“అలా మాట్లాడకమ్మా.”

“మాట్లాడకపోతే తప్పు పోతుందా? ఆ బల్ల అంటే నాకు ఇష్టమే. అది వేరే సంగతి. ఎక్కడెక్కడో కోసి, ఎవరెవరో కుట్టి, ఏవేవో చేతులు మారి ఒంటరిగా వస్తాయి. దీని ఛాయ దానికి కలవదు, దాని మడమ దీనికన్నా వెంట్రుకవాసి ఎత్తుంటుంది. తిప్పి తిప్పి చూసి, ఇదిగో నీ తోడు, పో అని పంపిస్తాను. చదువు లేనిదాన్ని. నాకు చేతనైంది అదొక్కటే అనుకున్నాను. అదీ పోయింది. పక్కకి జరుగు.”

“జరగను.”

“లారీ వెళ్ళిపోతుందే.”

“వెళ్ళనీ. నీ కళ్ళు బాగున్నాయి.”

“నువ్వు చెబితే అయిపోతుందా?”

“నేను చెబితేనే అవుతుంది. అమ్మా, ఆ కుడివాటికి ఎర్రదారం కట్టడం మరిచిపోయింది నేనే.”

తల్లి కూతురి మొహం కేసి చూసింది. చూసి, ఆ చెంప మీద చెయ్యి వేసి నిమిరింది.

“నాకు తెలుసే, నువ్వు ఇలా అంటావని.”

“ఎలా అంటానని?”

“నన్ను ఆపడానికి తప్పు నీ నెత్తిన వేసుకుంటావని. వద్దు తల్లీ. నువ్వు ఇంకా బోలెడు కాలం పనిచెయ్యాల్సినదానివి. నీ పేరు పోకూడదు. నాదైతే ఎలాగూ ముసలి పేరే.”

“అమ్మా, నిజంగానే చెప్తున్నాను.”

“సరేలే. జరుగు.”

“నమ్మవేంటమ్మా. నిప్పు అంటుకోకముందే కాలిపోయిందంటే నమ్ముతావు, లేని లోయలో బస్సు పడిందంటే నమ్ముతావు. ఉన్నది చెప్తే నమ్మవు.”

“మీ అమ్మ నమ్మాలంటే కళ్ళెదుట పెట్టాలే పిల్లా,” అంది నాన్నమ్మ నెమ్మదిగా. “వచ్చినప్పట్నుంచీ నీ సంచి తలుపు వెనకే ఉంది. రోజూ విసిరి పారేసేదానివి, ఇవాళ పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టావు. అందులో టిఫిన్ డబ్బా ఒక్కటే ఉందంటే నేనూ నమ్మను.”

కూతురు ఏమనుకుందో, తలుపు వెనకనుంచి సంచి తెచ్చి, డబ్బా తీసి పక్కన పెట్టి, కాగితంలో చుట్టిన రెంటిని మంచం మీద విప్పింది.

“అయ్యో. అయ్యయ్యో. ఇవి… ఇటివ్వు. దీపం దగ్గరికి జరుపు. ఇది ఎడమది. ఇదీ ఎడమదే. ఇదిగో, మడమ మీద బంక మరక. దీనికి బొటనవేలి దగ్గర. పనికిరానివే. ఈ తోలు చూడు, సన్నగా నీటిగీతలా ఉంది. నా బల్ల మీద మిగిలినదానికి సరిగ్గా ఇక్కడే ఉంది ఈ గీత. వీటి తోడే అవి.”

“ఇంత చీకట్లో ఆ గీత కనబడింది. అయినా నీ కళ్ళు పోయాయట.”

“అంటే నేను పంపలేదా?”

“పంపలేదు.”

“ఏ పెట్టెలోనూ రెండు ఎడమవి లేవా?”

“లేవమ్మా. ఆ కుర్రాడిని తలుపు తీసి బయటికి రమ్మను.”

తల్లి చెప్పులతోనే మంచం అంచున చతికిలపడింది. కాసేపు నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. అదుగో ఆ నవ్వులోంచే ఇంకో భయం తల ఎత్తింది.

“ఒసేయ్, ఇవి గేటు ఎలా దాటించావే? ఎవరైనా చూస్తే? దొంగతనం అంటారు. రేపు ఇంటికొచ్చి—”

“అడిగే తెచ్చుకున్నాను. మరకలు పడ్డవాటిని ఎలాగూ కత్తితో కోసి మూలన పారేస్తారు కదా. కొయ్యకముందే ఈ రెండూ నాకివ్వండి మేడం అన్నాను. తీసుకో అంది. గేటు దగ్గర తాతకి ఆవిడే చెప్పింది.”

“మరి దారం?”

“అదే. ఇచ్చేటప్పుడు అందరి ముందూ గట్టిగా నవ్వింది. రెండూ ఎడమవే తీసుకుంటున్నావేంటే, ఎవరికోసం అంది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. నాకు చెవులు కాలిపోయాయి. ఆ కంగారులో కుడివాటికి దారం కట్టకుండానే నీ బల్లకి తోసేశాను. నువ్వు ఇంత భయపడతావని తెలిస్తే దార్లోనే చెప్పేదాన్ని.”

“నేను ఇంత భయపడతానని నీకు తెలియదా?”

“తెలుసు.”

“మరి?”

“చెప్తే ఇంకోటి చెప్పాల్సొస్తుంది.”

వీధి చివర లారీ హారన్ వినబడింది. దాని చక్రాల మోత ఇంటి ముందునుంచి పోయింది. గ్లాసులు సన్నగా మోగి ఆగాయి. దాన్ని అందుకోవాలని ఇంతసేపు తల్లడిల్లిన మనిషి తలైనా తిప్పలేదు.

“రెండూ ఎడమవే ఎందుకే? ఒక ఎడమది, ఒక కుడిది మరకవి దొరికితే తెచ్చావంటే అర్థముంది. మీ నాన్న తొడుక్కునేవాడు. మీ నాన్నకా ఇవి? మీ నాన్న పాదం ఇందులో ఈదుతుంది.”

“నాన్నకి కాదు.”

“మరి? అలంకారానికా? మొక్కలు పెడతావా?”

“కాదు.”

“ఎవరైనా తెచ్చిపెట్టమని మాయమాటలు చెప్పారా? ఎక్కడైనా అమ్ముకునేవాళ్ళా? నిన్ను దేంట్లోనో ఇరికించారా?”

“ఎవరూ అడగలేదమ్మా. నేనే తెచ్చాను.”

“అమ్మాయ్, ఆ పోపుల డబ్బాలో దారం ఇటివ్వు,” అంది నాన్నమ్మ.

“ఇప్పుడెందుకు అత్తయ్యా?”

“ఇవ్వవే.”

ముసలావిడ నీలం దారం ఒక కొస బూటు మడమ దగ్గర ఆనించి, సోలు మీదుగా రెండో కొస దాకా లాగింది. ముడి సరిగ్గా బూటు ముందు కొసన, బొటనవేలికి వదిలే ఖాళీ దగ్గరికి వచ్చి ఆగింది.

“ఇదిగో నీ కూతురి నడుము.”

“ఇది పాదం కొలతా?”

“మగవాడి పాదం. మంచి పొడుగరి.”

“ఎవరిది?”

కూతురు ఆ దారాన్ని అందుకుని వేలికి చుట్టుకుంది.

“చెప్పవేంటి? నువ్వు చెప్పకపోతే నేను ఇక్కడ ఎన్ని ఊహించుకుంటానో నీకు తెలుసుగా. ఇప్పటికే ముగ్గురిని జైల్లో పెట్టాను. అందులో ఒకరు నువ్వు. అయినా ఎవడైతే మాత్రం, రెండూ ఎడమవైతే అది జతెలా అవుతుందే? ఇన్నాళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డాను, ఎడమా ఎడమా కలిపి ఎవరికీ పంపలేదు. లోకంలో ఏ మనిషికి పనికొస్తాయి ఇవి? చెప్పు.”

నాన్నమ్మ వెల్లుల్లి పళ్ళెం పక్కన పెట్టింది. బయట ఎవరో కుళాయి కట్టేశారు. తల్లికి నాలుక చివర ఇంకా బోలెడు ప్రశ్నలున్నాయి. లారీ కింద పడినవాళ్ళు, పోలీసులు, ఆసుపత్రులు, అన్నీ వరసగా నిలబడ్డాయి. కూతురు తలొంచుకుని ఒక బూటు మీది బంక మరకను కొంగుతో రుద్దుతోంది. అది పోయే మరక కాదని ఆ పిల్లకి తెలుసు. ఆ రుద్దడం చూసి తల్లి, ఎన్నడూ లేనిది, ఏమీ ఊహించకుండా ఊరుకుంది. టీ చల్లారిపోయింది. దీపం పురుగొకటి గోడకి తగిలి కింద పడి, మళ్ళీ లేచి ఎగిరింది. కూతురు తలెత్తింది.

“ఆదివారం నీతో మాట్లాడటానికి మనింటికి వస్తానన్నాడమ్మా. కొత్త బూటు వేసుకుని రావాలని ఆయన ఆశ. ఏ కొట్లోనూ ఒక్కటి అమ్మరు, ఎప్పుడు కొన్నా సగం పారెయ్యాల్సిందే. ఒకటి ఆదివారానికి, అది అరిగిపోతే ఇంకొకటి అని రెండు తెచ్చాను. నువ్వు వెళ్ళినప్పుడు దారాల కొట్లో ఆయన లేవకపోవడం పొగరు కాదమ్మా, చంకకర్రలు బల్ల కింద ఉంటాయి. కుడికాలు లేదు. ఆయనకి రెండూ ఎడమవైతేనే జత.”